24 వారాలు దాటినా కంగారు లేదట!

"అబార్షన్‌పై సుప్రీంకోర్టు సంచలన తీర్పు, ప్రతి మహిళా తెలుసుకోవాల్సిన విషయాలు" అంటూ ఓ మెసేజ్ గ్రూపు గ్రూపుకీ తిరుగుతోంది. లాయర్లు కూడా ఫార్వర్డ్ చేస్తున్నారు, ఇంక ఎవరికి చెప్పుకోవాలి?

అందులో మొదటిది: "పెళ్లికానివాళ్లకు 20 వారాల వరకే." తప్పు. సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29 తీర్పు తేల్చింది సరిగ్గా ఈ సంగతినే. 24 వారాల గడువు వాళ్లకూ వర్తిస్తుంది.

"రేప్ కేసైతే ఎఫ్ఐఆర్ చూపాలి." అక్కర్లేదు. అదే తీర్పు.

"భర్త సంతకం తప్పనిసరి." ఏ సెక్షన్లో? ఎంటీపీ చట్టం (అబార్షన్ చట్టం) సెక్షన్ 3(4) అడిగేది ఆమె సమ్మతి. మైనరైతేనో, మానసిక అనారోగ్యం ఉంటేనో గార్డియన్ రాతపూర్వక సమ్మతి. భర్తను పిలవమనేది ఆస్పత్రి భయం, చట్టం కాదు.

ఇక అసలు ప్రమాదం: "24 వారాలు దాటినా కంగారొద్దు, కోర్టు పర్మిషన్ ఇచ్చేస్తుంది." కోర్టేమన్నా మీసేవా కౌంటరా? 2023 అక్టోబర్‌లో ఇద్దరు పిల్లల తల్లికి సుప్రీంకోర్టు మొదట అనుమతిచ్చింది. వారం తిరగ్గానే ముగ్గురు జడ్జీల ధర్మాసనం కాదంది. 26 వారాలు దాటాయి, పిండంలో లోపం లేదు, తల్లి ప్రాణానికి తక్షణ ముప్పూ లేదు అన్నది కారణం. పిండంలో తీవ్ర లోపముందని మెడికల్ బోర్డు (డాక్టర్ల బృందం) తేలిస్తే 24 వారాలు దాటినా కోర్టుతో పనే లేదు. బోర్డు మూడు రోజుల్లో చెప్పాలి.

రోజులు పోయేదెక్కడంటే, వారాలను నెల తప్పిన తేదీ నుంచి లెక్కేసుకుంటారు. డాక్టరు లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి. అక్కడే దాదాపు నాలుగు వారాలు తేడా! తర్వాత ఆస్పత్రి "కోర్టు ఆర్డర్ తెండి" అని నోటిమాటగా పంపేస్తుంది. ఆ నిరాకరణను కాగితం మీద రాయించుకోండి. దాంతోపాటు తాజా స్కాన్ రిపోర్టు పెట్టి, పేరు గోప్యంగా ఉంచమని కోరుతూ రాజ్యాంగం 226వ అధికరణ కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేసి, లంచ్ మోషన్ (అత్యవసరంగా అదే రోజు విచారణ) అడగాలి. బోర్డు పిండం గురించే కాక ఆమె శారీరక, మానసిక స్థితి గురించీ రాయాలని ప్రేయర్‌లోనే (పిటిషన్లో కోర్టును కోరే భాగంలోనే) పెట్టండి. లేకపోతే "లోపం లేదు" అని ఒక్క ముక్క వస్తుంది, జడ్జి మళ్లీ రిపోర్టు అడుగుతారు, ఇంకో వారం గోవిందా. లాయరు ఫీజుకు డబ్బు లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంది, 15100కి ఫోన్ చేయండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితం.

ఒక్కటి మాత్రం ఆ మెసేజ్ సరిగ్గా రాసింది: "అడిగిన వెంటనే చేయించుకునే హక్కు కాదిది, డాక్టరు ఒప్పుకోవాలి." నిజమే. ఇన్ని తీర్పులొచ్చినా చట్టం ఆ నిర్ణయాన్ని డాక్టరు సంతకం కిందే ఉంచింది.