బార్లీ వైన్ దొరవారికి ఒక అద్దెదారు విన్నపం

మహారాజశ్రీ బార్లీ వైన్ దొరవారి సముఖానికి,

ఇంగ్లండ్‌లోని బర్టన్ ఊళ్లో అద్దింట్లో ఉంటూ, తమరిని సొంతంగా కాచిన పాపానికి మంచం కింద చోటిచ్చిన సేవకుడు రాసుకునే విన్నపం.

ముందు తమరి పేరు సంగతి. ద్రాక్షపండు మొహం తమరెన్నడూ చూడలేదు. బార్లీ, హాప్స్ అనే చేదుపూలు, నీళ్లు, ఈస్ట్... పుట్టుకకి బీరే, కాకపోతే బాగా ఘాటుది. పెళ్లి పిలుపులో చదవని డిగ్రీ అచ్చేయించుకున్న పెళ్లికొడుకులా వెనకాల ఆ ‘వైన్’ ఏమిటండీ? పందొమ్మిదో శతాబ్దంలో ఇదే ఊళ్లో బాస్ అనే బీరు కంపెనీ వాళ్లు ‘నంబర్ 1’ అంటూ ఎర్ర డైమండ్ గుర్తేసి అమ్మింది తమరినే కదా. ఆ పాత పద్ధతే పట్టాను నేను. పేల్ మాల్ట్ (మొలకెత్తించి లేతరంగులో ఎండబెట్టిన బార్లీ), గోల్డింగ్స్, ఫగుల్ రకాల హాప్స్, అంతే. రంగు కావాలంటే ఇంకో మాల్ట్ వేయకూడదట, గంటల తరబడి మరిగించాలట.

8 కిలోల మాల్ట్‌ని 66 డిగ్రీల వేడినీళ్లలో గంటన్నర నానబెట్టాను. అందులోంచి తొలి రసమే తమరికి పనికొస్తుంది. కొబ్బరి తొలిపాలు తీసి పాయసానికి ఉంచినట్టన్నమాట. నాలుగు గంటల మరుగుకి వంటింటి కిటికీలు చెమటలు కక్కాయి, పొగ అలారం రెండుసార్లు ఏడ్చింది. చివరికి మిగిలింది 11 లీటర్లు. రసం చిక్కదనం కొలిచే హైడ్రోమీటర్ 1.105 చూపించింది. నీళ్లకది 1.000. అంటే బీరు కాదు, పల్చటి పాకం.

ఆ పాకంలో వేసిన ఈస్ట్ రెండ్రోజులు వీరంగం వేసి, బకెట్ మూత ఎగరగొట్టి, గోడకి నురగ పూసింది. ఆ తర్వాత 1.045 దగ్గర, మూడో లడ్డూ తిన్న పెళ్లివారి బంధువులా వాలిపోయింది. చక్కెర ఎక్కువ, పైగా అది తయారుచేసుకున్న ఆల్కహాలే దాని నెత్తికెక్కింది. బకెట్‌ని పడకగదిలో హీటర్ పక్కకి మోసి, పసిపిల్లని ఊపినట్టు ఊపి, బతిమాలితే 1.030కి దిగింది. అంటే ఆల్కహాల్ దాదాపు 10 శాతం. వీడియో కాల్‌లో ఆ బకెట్ మా అమ్మ కంట పడింది. “పోలీసులొస్తార్రా!” అంది. ఇక్కడ ఇంట్లో బీరు కాచుకోడానికి 1963లోనే లైసెన్సు ఎత్తేశారని చెప్పినా నమ్మలేదు.

సరే, ఒక గుటక వేశాను. గొంతు మండింది, నాలుక అంటుకుంది. పెద్దలు చెప్పింది ఒక్కటే: ఆగు.

ఎన్నాళ్లు? పూర్వం ఇక్కడి జమీందారీ బంగళాల్లో అక్టోబర్‌లో తమరి తాతల్ని కాచేవారు. వారసుడు పుడితే కాచి, వాడికి 21 ఏళ్లొచ్చాక పీపా తెరిచేవారట. 1968లో డార్చెస్టర్‌లో ఎల్డ్రిడ్జ్ పోప్ అనే బీరు కంపెనీ వాళ్లు నవలాకారుడు థామస్ హార్డీ పేరుతో తమరి జాతి బీరు తీసి, పాతికేళ్లు నిలవుంటుందన్నారు. దొరవారూ, నా అద్దె ఒప్పందం 12 నెలలు. వీసా అయిదేళ్లు. ఈ దేశంలో నాకంటే తమరే ఎక్కువకాలం ఉండేలా ఉన్నారు. ఆవకాయే నయం, మూడోనాడు కలిపి ముద్ద నోట్లో పెట్టుకోవచ్చు.

అంత కాలం నేలమాళిగలో తమరు చేసే తపస్సు ఏమిటో కూడా విన్నాను. పాత ఇంగ్లిష్ బీర్ల ఆ ఘనమైన వాసన వెనక ఒక మొండి ఈస్ట్ ఉందని 1904లో డెన్మార్క్ బీరు కంపెనీ కార్ల్స్‌బర్గ్‌లో క్లాసెన్ అనే ఆయన తేల్చాడు. దానికి బ్రెట్టనోమైసిస్ అని పేరు పెట్టాడు. అర్థం ‘బ్రిటిష్ బూజు’. ఇన్నాళ్ల వంశగౌరవానికి దక్కిన బిరుదు అదీ!

తొలి రసం తమరికి పోయాక మిగిలిన పిప్పిలో మళ్లీ నీళ్లు పోసి, రెండో రసంతో పల్చటి బీరు ఒక పది లీటర్లు కాచాను. పాతకాలంలో అది నౌకర్ల వాటా. మూడు వారాలకే తయారైంది. ఇంట్లో దొరా నేనే, నౌకరూ నేనే గనక, మంచం కింద తమరి సీసాలకి తేదీలు అంటించి, వంటింట్లో నిలబడి నౌకరు గ్లాసు నింపుకుంటున్నాను. గురువారం ఇంటి ఓనరు తనిఖీకి వస్తున్నాడు. తమరు దయచేసి ఆ పూట నురగ కక్కకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
మంచం పైన పడుకునేవాడు