ఆరు వేల పింఛను, ఆరు వేల వడ్డీ

నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చుకుంటే నెలకు కట్టాల్సిన వడ్డీ ఆరు వేలు. 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవారికి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎన్టీఆర్ భరోసా కింద నెలనెలా ఇచ్చే పింఛను కూడా ఆరు వేలే. విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో ఒక యాక్సిడెంట్ కేసు డిశ్చార్జి అయ్యేసరికి రెండు లక్షల అప్పు మిగలడం వింతేమీ కాదు. అప్పుడు పింఛను మంజూరైన మొదటి నెల నుంచే ఆ డబ్బు మందులకు కాకుండా వడ్డీకి పోతుంది. అసలు అలాగే ఉంటుంది.

పింఛను చాలడం లేదన్న మాట తరచూ వింటాం. అది నిజమే. కానీ అంతకంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. దెబ్బ తగిలిన రోజుకీ, మొదటి పింఛను చేతికొచ్చిన రోజుకీ మధ్య గడిచే నెలల ఖర్చు ఎవరు భరించాలి? ఇప్పుడు మొత్తం ఆ కుటుంబమే భరిస్తోంది. అది తప్పని, మార్చడం కష్టం కూడా కాదని నా వాదన.

ఆటోనగర్‌లో లారీ కింద పని చేస్తుండగా జాకీ జారి నడుము దెబ్బతిన్న మెకానిక్‌ని ఊహించుకోండి. ఆపరేషన్ అయింది, ప్రాణం దక్కింది, కాళ్లలో పట్టు రాలేదు. ఇంట్లో సంపాదించేది ఆయనొక్కడే. పింఛను కావాలంటే ముందు వైకల్యం ఎంత శాతమో తేల్చే సదరం సర్టిఫికెట్ ఉండాలి. దానికి సచివాలయంలోనో మీసేవలోనో స్లాట్ తీసుకోవాలి. స్లాట్ దొరికిన రోజున కారు మాట్లాడుకుని, ఇద్దరు మనుషుల సాయంతో ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కు తీసుకెళ్లాలి. మరీ తొందరగా వెళితే డాక్టర్లు ఇంకొన్నాళ్లు ఆగి రమ్మంటారు. వైకల్యం శాశ్వతమో కాదో తేలాలంటే చికిత్స ముగిసి పరిస్థితి ఒక నిలకడకు రావాలి కాబట్టి వైద్యపరంగా అది సబబే. కానీ ఆ మాటకు కిరాణా కొట్టువాడు ఆగడు, ఇంటి ఓనరు ఆగడు.

కేంద్రం 2017లో చేసిన నిబంధనల ప్రకారం దరఖాస్తు అందిన నెలలోపు వైకల్య సర్టిఫికెట్ ఇవ్వాలి. 2024 అక్టోబరులో ఆ గడువును మూడు నెలలకు పెంచారు. రెండేళ్లపాటు తేలకుండా ఉండిపోయిన దరఖాస్తు చెల్లకుండా పోతుంది, మళ్లీ దరఖాస్తు చేసుకోవాలి, లేదంటే పాతదాన్ని తిరిగి తెరిపించుకోవాలి. సర్టిఫికెట్ వచ్చాక పింఛను దరఖాస్తు మరో మెట్టు. ప్రభుత్వం కొత్త పింఛన్లకు ఎప్పుడు తలుపు తెరిస్తే అప్పుడే మంజూరు. ఇన్నీ దాటాక వచ్చే పింఛను మంజూరైన నెల నుంచే లెక్క. అంతకుముందు గడిచిన నెలలు ఖాతాలోకి రావు.

ఆరోగ్యశ్రీ ఉండగా ఆసుపత్రి బిల్లు ఎందుకు పడుతుందని అడిగేవారున్నారు. 2024లో ఎన్టీఆర్ వైద్య సేవగా పేరు మారినా జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీయే. ఈ పథకం వల్ల లక్షల కుటుంబాలు గట్టెక్కాయి, అందులో సందేహం లేదు. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సకు. ఇంటికొచ్చాక నెలల తరబడి కావాల్సిన ఫిజియోథెరపీ, వాటర్ బెడ్, డైపర్లు, కాథెటర్లు, మనిషిని చూసుకోవడానికి భార్య మానుకున్న కూలి పని ఏ ప్యాకేజీలోకీ రావు. పైగా అర్ధరాత్రి కంగారులో దగ్గర్లోని ఆసుపత్రిలో క్యాష్ పేషెంటుగా చేర్చేస్తారు. ముందస్తు అనుమతి లేకుండా ఆపరేషన్ అయిపోయాక కార్డు చూపిస్తే పని జరగదు. దానికి తోడు ప్రభుత్వం నుంచి బకాయిలు రావడం లేదని 2025 అక్టోబరులో నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపేశాయి. అలాంటి రోజుల్లో దెబ్బ తగిలినవాడు ఏ కార్డు చూపించగలడు?

ఇక చేతిలో ఉన్న బిల్లు సంగతి. మన దగ్గర అందరూ చేసే పొరపాటు, ఆసుపత్రి బాకీని ఆ టెన్షన్‌లో ప్రైవేటు అప్పుగా మార్చేయడం. ఆసుపత్రికి కట్టాల్సిన బాకీ సివిల్ బాకీ. దానికి మామూలుగా నూటికి మూడు రూపాయల వడ్డీ నడవదు. మాట్లాడితే తగ్గుతుంది, వాయిదాలకు ఒప్పుకుంటారు. వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చి కట్టిన క్షణంలో అదే బాకీ నెలనెలా పెరిగే బాకీ అవుతుంది. పరువు పోతుందని భయపడి కౌంటర్ దగ్గర మొత్తం కట్టేసి బయటపడే కుటుంబాలు, ఆ తర్వాత ఏళ్ల తరబడి వడ్డీ కడుతూ అదే పరువును రోజూ పోగొట్టుకుంటున్నాయి.

బిల్లు మొత్తం ఒకే అంకెగా ఇస్తే ఒప్పుకోకూడదు. ఏ రోజు ఏ మందు, ఏ టెస్టు, ఏ గది అద్దె అనే వివరాలతో బిల్లు అడగడం రోగి హక్కు. మందుల మీద ఎంఆర్‌పీ దాటి ఒక్క రూపాయి తీసుకోకూడదు. గుండెలో వేసే స్టెంట్లకు, మోకాలి ఇంప్లాంట్లకు 2017 నుంచి కేంద్రం గరిష్ఠ ధరలు పెట్టింది. వివరాల బిల్లు చేతికొస్తే రెండుసార్లు వేసిన టెస్టు, వాడకుండానే రాసిన సామాను బయటపడవచ్చు. తగ్గించమని అడగడానికి అప్పుడు ఆధారం ఉంటుంది. వైద్య సేవ కింద చేర్చుకుని కూడా పైన డబ్బు అడిగితే ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఉండే ఆరోగ్యమిత్రకు చెప్పాలి, 104కు ఫిర్యాదు చేయాలి.

బిల్లు కట్టేదాకా మనిషిని పంపం అంటే భయపడాల్సింది రోగి కాదు. బిల్లు వివాదం పేరుతో డిశ్చార్జిని గానీ, మృతదేహాన్ని గానీ ఆపకూడదని రోగుల హక్కుల పత్రం స్పష్టంగా చెబుతోంది. 2017లో ఢిల్లీ హైకోర్టు కూడా బిల్లు కోసం రోగిని నిర్బంధించడం కుదరదంది. మనిషిని అక్రమంగా అడ్డగించి ఉంచడం భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం. ఈ మాట పోట్లాట పెట్టుకోవడానికి చెప్పడం లేదు. ప్రాణం నిలబెట్టిన డాక్టరుకు డబ్బు రావాల్సిందే. కానీ ఎంత, ఎప్పటికి అన్న చర్చ మనిషిని మంచం మీద ఉంచి జరగకూడదు.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది సంతకం దగ్గర. బాకీ కాగితం మీద ఎంత, ఎన్ని వాయిదాల్లో అన్నది స్పష్టంగా రాసి ఉంటే సంతకం పెట్టవచ్చు. ఖాళీ చెక్కు ఎవరికీ ఇవ్వకూడదు, అది ఆసుపత్రి అయినా సరే, ఫైనాన్స్ వాడైనా సరే. చెక్కు బౌన్స్ అయితే సివిల్ బాకీ కాస్తా క్రిమినల్ కేసవుతుంది. అంకెలు రాయని ప్రోనోటు కూడా అంతే ప్రమాదం. కాళ్లు కదపలేని మనిషి పింఛను కోసం ఒక ఆఫీసుకు, చెక్కు కేసు కోసం కోర్టుకు తిరిగే పరిస్థితి తెచ్చుకోవద్దు.

బిల్లు నిజంగా మనమే కట్టాలా అన్నది కూడా చూడాలి. ఆటోనగర్ మెకానిక్ విషయంలో మొదటి బాధ్యత షెడ్డు యజమానిది. పనిలో తగిలిన గాయానికి అయిన అసలు వైద్య ఖర్చు యజమాని తిరిగి ఇవ్వాలని 1923 నాటి నష్టపరిహార చట్టంలోకి 2009లో చేర్చారు. 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఆ బాధ్యత కొనసాగుతోంది. ఇక్కడ చిన్న షెడ్లలో చాలావరకు నోటి మాట మీద పని. అపాయింట్‌మెంట్ లెటర్ ఉండదు. అయినా జీతం వేసిన ఫోన్‌పే రికార్డు, తోటి పనివాళ్ల సాక్ష్యం పనికొస్తాయి. కార్మికుల బీమా ఈఎస్ఐ ఉంటే ఇంకా మేలు. పనిలో గాయమై పనికి పోలేని రోజులన్నిటికీ జీతంలో 90 శాతం వస్తుంది, గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలో చికిత్స దొరుకుతుంది. వైకల్యం ఎంత శాతమో తేలేదాకా ఆగాల్సిన పని లేదు.

రోడ్డు ప్రమాదమైతే 2025 మే నుంచి అమల్లో ఉన్న కేంద్ర పథకం కింద మొదటి ఏడు రోజులకు లక్షన్నర వరకు నగదు లేకుండా చికిత్స ఉంది. మోటారు వాహనాల చట్టంలోని 164వ సెక్షన్ కింద తప్పు ఎవరిదో నిరూపించనక్కర్లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షల పరిహారం అడగవచ్చు. ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోవచ్చు. అయితే ఒక చిక్కుంది. సహాయ నిధికీ ఒరిజినల్ బిల్లులే కావాలి, ప్రమాద పరిహారం తేల్చే ట్రైబ్యునల్‌కూ అవే కావాలి. ఒకచోట ఇచ్చేశాక రెండోచోట చేతులూపుకుంటూ నిలబడాల్సి వస్తుంది. ఎక్కడ ఎక్కువ వస్తుందో లాయరును అడిగాకే ఒరిజినల్స్ వదలాలి. లాయరు ఖర్చు గురించి భయం అక్కర్లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం వికలాంగులకు, మహిళలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 15100కు ఫోన్ చేసినా చాలు. ఈ సంగతి గుంటూరులో, విజయవాడలో ప్రతి ఆసుపత్రి గోడ మీద రాసి పెట్టాలి.

అప్పు తప్పదనుకుంటే ముందు బ్యాంకులో బంగారం, తర్వాత డ్వాక్రా, స్త్రీనిధి. వడ్డీ వ్యాపారి చివర. ఇంతకు మించి చెప్పేదేం లేదు, ఇది మన ఆడవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ఇప్పుడు అసలు వాదనకొస్తాను. గాయపడిన కార్మికుడికి పరిహారం ఇవ్వడంలో యజమాని నెల దాటి జాప్యం చేస్తే 12 శాతం వడ్డీ, కారణం చూపకపోతే పరిహారంలో సగం దాకా జరిమానా కట్టించే నియమం మన చట్టాల్లో ఏనాటి నుంచో ఉంది. మోటారు ప్రమాదాల ట్రైబ్యునళ్లు బీమా కంపెనీ చేత సాధారణంగా పిటిషన్ వేసిన తేదీ నుంచి వడ్డీ కట్టిస్తాయి. ఆలస్యానికి ఖరీదు కట్టాలని యజమానికి చెప్పిన చట్టం, బీమా కంపెనీకి చెప్పిన చట్టం, ప్రభుత్వానికి మాత్రం చెప్పదు. సదరం బోర్డు ఎన్ని నెలలు ఆలస్యం చేస్తే ప్రభుత్వానికి అన్ని ఆరు వేలు మిగులుతాయి. ఎవరూ కావాలని చేస్తున్నారని నేను అనడం లేదు. తొందరపడడానికి వ్యవస్థకు కారణం లేదు, అంతే.

మన వాళ్లు చాలామంది ఉన్న అమెరికాను చూడండి. అక్కడి సోషల్ సెక్యూరిటీ వైకల్య భృతిలో మొదటి ఐదు నెలలకు ఏమీ ఇవ్వరు. మెడికేర్ వైద్య బీమా రావడానికి చాలామందికి మరో 24 నెలలు పడుతుంది. బిల్లులతో సతమతమయ్యే కుటుంబాలు అక్కడా ఉన్నాయి. కానీ మంజూరు ఆలస్యమైతే ఆ ఐదు నెలలు పోగా మిగిలిన కాలానికి బకాయి లెక్కగట్టి ఇస్తారు. అప్పిచ్చినవాడికి చూపించడానికి ఆ కుటుంబం చేతిలో ఒక భరోసా ఉంటుంది. మన మెకానిక్ చేతిలో స్లాట్ రసీదు తప్ప ఏముంది?

బకాయితో పింఛను ఇవ్వడం మన రాష్ట్రానికి కొత్త కాదు. 2024 జులై 1న గుంటూరు జిల్లా పెనుమాకలో ముఖ్యమంత్రి చంద్రబాబు స్వయంగా ఇళ్లకు వెళ్లి పింఛన్ల పంపిణీ మొదలుపెట్టారు. ఆ రోజు వృద్ధులకు అందింది ఏడు వేలు. అందులో నాలుగు వేలు ఆ నెల పింఛను, మూడు వేలు ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఎన్నికల్లో హామీ ఇచ్చిన పెంపు నెలకు వెయ్యి చొప్పున బకాయి. ఎన్నికల హామీకి వెనకటి తేదీ వర్తించినప్పుడు, దరఖాస్తు రసీదు మీద ఉన్న తేదీ వికలాంగుడికి ఎందుకు వర్తించకూడదు?

బోగస్ సర్టిఫికెట్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అనర్హులు తీసుకునే ప్రతి రూపాయీ నిజమైన వికలాంగుడి నోటి దగ్గర కూడు. కానీ నేను అడుగుతున్నది మంజూరుకు ముందు డబ్బు ఇవ్వమని కాదు. బోర్డు పరీక్షించి, అర్హుడని తేల్చి, మంజూరు చేశాక దరఖాస్తు తేదీ నుంచి లెక్కకట్టమని. బోగస్ దరఖాస్తు తిరస్కరణకు గురైతే దానికి బకాయి ఉండదు. ఈ మార్పు వల్ల మోసగాడికి కొత్తగా దక్కేదేమీ లేదు. ప్రభుత్వానికి మాత్రం సదరం స్లాట్లు పెంచడానికి, ఎముకల డాక్టర్లను, న్యూరాలజిస్టులను బోర్డులో ఖాళీ లేకుండా ఉంచడానికి బలమైన కారణం దొరుకుతుంది.

మంచం దిగలేనివారి విషయంలో ఇంకొకటి చేయాలి. 2025 జనవరిలో, మంచానికే పరిమితమైనవారికి ఇచ్చే 15 వేల పింఛను తీసుకుంటున్నవారి అర్హతను తిరిగి చూడడానికి వైద్య బృందాలు ఇళ్లకే వెళ్లాయి. ఆ ఏడాది ఆగస్టులో పింఛను ఆపేస్తామన్న నోటీసులు అందుకున్న వికలాంగులు రోడ్డెక్కాక, అప్పీలు తేలేదాకా పింఛను ఆపబోమని ప్రభుత్వం చెప్పింది. ఉన్న పింఛను సరైనదో కాదో చూడడానికి డాక్టరు ఇంటికి రాగలిగినప్పుడు, కొత్త పింఛను ఇవ్వడానికి కూడా రాగలడు. మండలానికి నెలలో ఒక రోజు కేటాయించి, జీజీహెచ్‌కు రాలేమని రాసిచ్చినవారి ఇళ్లకు బోర్డు బృందాన్ని పంపడానికి కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు ఆదేశం చాలు. ఆ ఆదేశం ఎన్టీఆర్ జిల్లాలోనో గుంటూరు జిల్లాలోనో ముందు రావాలి. రెండు పెద్ద జీజీహెచ్‌లు ఇక్కడే ఉన్నాయి, మంగళగిరి ఎయిమ్స్ ఇక్కడే ఉంది. డాక్టర్లు లేరన్న సాకు ఈ రెండు జిల్లాల్లో చెల్లదు.