మహారాజశ్రీ రీలోడింగ్ ప్రెస్ గారికి

డాలస్ శివార్లలోని మీ గ్యారేజీ నుంచి (ఒకప్పుడు అది నాది) నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. కాల్చేసిన తూటా గొట్టాల్ని మళ్లీ నింపే యంత్రం తమరు, మీ కుశలానికి లోటేమీ లేదని నాకు తెలుసు. దళసరి చెక్క బల్లకి బోల్టులు బిగించి, వారం వారం నూనె పట్టించి చూసుకుంటున్నాను. నా నడుముకి నూనె పట్టించే నాథుడే లేడు.

మీరు మా ఇంటికి ఎందుకొచ్చారో ఒకసారి గుర్తు చేస్తాను. హెచ్1బీ వీసా మీద ఉన్నవాళ్లు వేట లైసెన్సు లాంటి ఏదో మినహాయింపు ఉంటే తప్ప తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోకూడదు. అందుకని పదకొండేళ్లు బుద్ధిగా క్యారమ్స్ ఆడుకున్నాను. గ్రీన్ కార్డు చేతికొచ్చాక ఒక 9 ఎంఎం పిస్తోలు కొని, ఆదివారాలు గురి చూసి కాల్చుకునే రేంజికి వెళ్లడం మొదలుపెట్టాను. అంతలో 2020 వచ్చింది. టాయిలెట్ పేపరుతో పాటు తూటాలు కూడా షాపుల్లో మాయమైపోయాయి. రేంజిలో ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి చెప్పాడు: "కాల్చాక కూడా ఇత్తడి గొట్టం చెక్కు చెదరదు. అడుగున నిప్పు రాజేసే చిన్న బిళ్ల ఉంటుంది, ప్రైమర్ అంటారు. పాతది తీసేసి కొత్తది కొట్టు, తుపాకీ మందు పోయి, పైన బుల్లెట్ దిగ్గొట్టు. సగం ఖర్చుతో అయిపోతుంది."

సగం ఖర్చు అన్నాక ఆగే తెలుగువాడిని నేనింతవరకూ చూడలేదు. ఆవకాయ ఇంట్లో పెట్టుకోవట్లేదా, ఇదీ అంతే అనుకున్నాను.

(మన సినిమాల్లో తూటా మొత్తాన్నీ బుల్లెట్ అంటారు. నిజానికి బుల్లెట్ అంటే ముందుండే ఆ సీసపు ముక్క ఒక్కటే. రేంజిలో తప్పుగా అన్నానంటే, మామిడిపండుని టెంక అన్నవాణ్ని చూసినట్టు చూస్తారు.)

మీరు ట్రక్కు దిగాక తెలిసింది, ఊళ్లో తూటాల కంటే ప్రైమర్లకి కరువెక్కువని. పప్పు గుత్తి కొన్నాక పప్పే లేదన్నట్టయింది. ఎనిమిది నెలలు మీరు కూర్చుని తిన్నారు. ఆ ఏడాది దసరాకి మా ఆవిడ కారుకి, లాప్‌టాప్‌కి బొట్టు పెట్టి, మీ దగ్గరకొచ్చి ఆగింది. "ఏవండీ, ఈ జంతికల గొట్టానికి కూడా పెట్టాలా?" అంది. ఆయుధపూజ కదా, పెట్టమన్నాను. పెట్టింది. ఆ పసుపు మరక మీ పిడి మీద ఇప్పటికీ ఉంది. ఆవిడ పోలిక కూడా పూర్తిగా తప్పు కాదు. పిడి నొక్కితే పైకో కిందికో ఏదో ఒకటి కదులుతుంది, ఒళ్లు నొప్పి పెడుతుంది. జంతికలు మాత్రం తినడానికి పనికొస్తాయి.

ఇప్పుడు పొదుపు సంగతికొద్దాం. మీరు, మీలో బిగించే అచ్చులు (డైలు అంటారు), తరాజు, పొడవు కొలిచే క్యాలిపర్, ఇత్తడి తోమే టంబ్లర్, ఎంత మందు పోయాలో చెప్పే రెండు లోడింగ్ మాన్యువళ్లు, అన్నీ కలిపి 900 డాలర్లు. కొన్న తూటా నాకు 28 సెంట్లు పడుతుంది, మీ చేతి తూటా 23. సగం ఖర్చన్న పెద్దాయన కాల్చేది పెద్ద రైఫిల్ అనీ, దాని తూటా ఒక్కోటి డాలర్ పైమాటే అనీ తర్వాత తెలిసింది. నాకు మిగిలేది 5 సెంట్లు. ఆ 900 తిరిగి రావాలంటే 18,000 తూటాలు కాల్చాలి. నెలకి 200 చొప్పున ఏడున్నరేళ్లు! మీది సింగిల్ స్టేజ్ బతుకు, పిడి ఒకసారి నొక్కితే ఒక్క పనే జరుగుతుంది. అందుకని నేను ఎంత చెమటోడ్చినా గంటకి 50. అంటే గంటకి రెండున్నర డాలర్ల కూలీ. ఈ దేశంలో కనీస వేతనం 7.25. మీ మీద లేబర్ ఆఫీసులో ఫిర్యాదు చేద్దామనుకున్నాను గానీ, యజమానినీ నేనేనట.

మందు ఆర్డరు పెడితే ప్రమాదకర సరుకని విడిగా ఫీజు వేస్తారు. ఫీజు ఎలాగూ తప్పదు కదా అని ఒక పౌను బదులు ఎనిమిది పౌన్ల డబ్బా తెప్పించాను. పదివేల తూటాలకి పైనే వస్తుంది. పొదుపు చెయ్యడం కోసం ఎంత ఖర్చు పెట్టానో చూశారా? ఇక దాన్ని ఎక్కడ పెట్టాలి? చల్లగా, పొడిగా, నిప్పుకి దూరంగా, వచ్చిన డబ్బాలోనే ఉంచాలి. టెక్సస్ ఎండలకి గ్యారేజీ పొయ్యి. ఇంట్లో అన్నిటికంటే చల్లటి చోటు పూజ గది. అక్కడ రెండు పూటలా దీపం. చివరికి గెస్ట్ రూమ్ బీరువాలో తాళం వేసి పెట్టాం. మా అత్తగారు వచ్చినప్పుడల్లా ఆ గదిలోనే పడుకుంటారు. బీరువాలో ఏముంది బాబూ అని అడుగుతారు. ఆఫీసు కాగితాలండీ అంటాను.

ఇత్తడి గురించి వేరే చెప్పాలి. రేంజిలో నేలమీద పడున్న గొట్టాలు ఎవరో కాల్చి వదిలేసినవి, ఒక రకంగా ఎంగిలి. అక్రోటు పెంకుల పొడిలో వేసి గంటలకొద్దీ తిప్పితే మెరుస్తాయి. అక్రోట్లు తినడానికి కొనబోయినప్పుడే ధర చూసి వెనక్కి పెట్టినవాణ్ని, పెంకులకి మాత్రం కిక్కురుమనకుండా డబ్బు కట్టాను. ఒకరోజు వీడియో కాల్‌లో ఆ రాశి మా అమ్మ కంటబడింది. "ఒరే, ఇన్నాళ్లకి కుందులు తోముతున్నావా? చింతపండు పెట్టి తోమరా, ఇంకా తళతళలాడతాయి" అంది. అమ్మ సలహా అసలు తప్పే కాదు. ఇక్కడివాళ్లు నిమ్మ ఉప్పు వేసిన నీళ్లలో తిప్పి అదే పని చేస్తారు. పులుపు ఏదైతేనేం?

ఆ టంబ్లర్ దుమ్ములో ప్రైమర్ల తాలూకు సీసం ఉంటుంది. అందుకని మా ఆవిడ నాకు మడి విధించింది. గ్యారేజీ నుంచి వస్తే చేతులు రుద్ది కడుక్కుని, బట్టలు మార్చుకున్నాకే వంటింటి గడప తొక్కాలి. మా నాయనమ్మ ఎన్ని చెప్పినా పాటించని మడి, మీ పుణ్యాన అమెరికాలో కట్టుకుంటున్నాను.

మా తాతయ్యకి ఊళ్లో ఒక తుపాకీ ఉండేది. ఎన్ని తూటాలు కొనొచ్చో లైసెన్సు మీద రాసి ఉండేది. ఎన్నికలొస్తే దాన్ని తీసుకెళ్లి పోలీసు స్టేషన్లో అప్పగించి వచ్చేవాడు. దీపావళి మాత్రం ఆయన సొంత సామ్రాజ్యం. సూరేకారం, గంధకం, బొగ్గు నూరి, అరుగు మీద కూర్చుని సిసింద్రీలు కూరేవాడు. తూకం లేదు, పాడూ లేదు, అంతా కంటి చూపే. ఒక్కోసారి సిసింద్రీ ఆకాశంలోకి కాకుండా పక్కింటి పంచెలోకి పోయేది. నాకు ఆ స్వేచ్ఛ లేదు. ఇక్కడి తూకం గ్రెయిన్లలో. పౌనుకి 7,000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ దాదాపు గురిగింజలో సగం. అందులో పదో వంతుకి కూడా లెక్క చెప్పాలి. మాన్యువల్‌లో ఉన్న కింది మోతాదుతో మొదలుపెట్టి, మెల్లగా పైకి వెళ్లాలే తప్ప చెయ్యి జారనివ్వకూడదు. కంసాలి వెంకయ్య గారు మా అమ్మ గాజులు తూచినప్పుడు కూడా అంత భయపడి ఉండరు.

భయపడాల్సిన రోజున నేను భయపడలేదు. మందు పోస్తూ పోస్తూ ఆఫీసు కాల్ మ్యూట్‌లో పెట్టుకుని విన్నాను. మధ్యలో ఎవరో నా పేరు పిలిచారు. "యెస్, వర్కింగ్ ఆన్ ఇట్" అన్నాను. నిజంగా దేని మీద పనిచేస్తున్నానో వాళ్లకి తెలియదు. బుల్లెట్లు దిగ్గొట్టే ముందు అన్ని గొట్టాల్లోకీ టార్చి వేసి మందు చూసుకోవాలి. ఆ రోజు చూసుకోలేదు. ఆదివారం రేంజిలో ఏడో తూటా పేలలేదు, తుస్సుమంది. మందు లేకుండా ఒక్క ప్రైమర్ మాత్రమే మండితే బుల్లెట్ బ్యారెల్ మధ్యలో ఇరుక్కుంటుంది. వెనకే ఇంకోటి కాలిస్తే బ్యారెల్ ఉబ్బుతుంది, పగలొచ్చు కూడా. వేలు మళ్లీ ట్రిగ్గర్ మీదకి పోబోయి ఆగింది. ఆపింది ఏ మాన్యువలూ కాదు. తుస్సుమన్న టపాకాయ దగ్గరికి పోవద్దని చిన్నప్పుడు తాతయ్య పెట్టిన కేక.

ఇంటికొచ్చి మిగిలిన 93 తూటాలూ విప్పాను. దానికో సుత్తి లాంటి పరికరం ఉంది. తూటాని అందులో బిగించి మొద్దు మీద కొడితే బుల్లెట్, మందు ఊడి పడతాయి. ఒక్కోదానికి మూడు దెబ్బలు. రాత్రి పదకొండున్నరకి పక్కింటాయన వచ్చి, అంతా బాగానే ఉందా అని అడిగాడు. విప్పినవాటిలో ఇంకొకదాంట్లో కూడా మందు లేదు.

మా బావ ఈ మధ్య ఫోన్ చేసి, "బావా, నాకూ రెండు డబ్బాలు కట్టించు, డబ్బులిస్తా" అన్నాడు, మినపసున్నుండలు ఆర్డరిచ్చినట్టు. సొంతానికి చేసుకుంటే లైసెన్సు అక్కర్లేదు, అమ్మకానికైతే ఫెడరల్ లైసెన్సు ఉండాలి అని చెప్పాను. అలిగాడు. మీవల్ల పోయిన చుట్టరికాల్లో ఇది రెండోది. మొదటిది అత్తగారు, ఎవరో ఆవిడకి బీరువా గుట్టు చెప్పేశారు.

దీపావళి మర్నాడు పొద్దున్నే, అమ్మ లేవకముందే, వీధంతా తిరిగి పేలని టపాకాయలు జేబులో ఏరుకునేవాణ్ని. మంచుకి తడిసినవి, ఒత్తి ఊడినవి, ఏవైనా సరే. ఇప్పుడు నలభై ఆరేళ్ల వయసులో, ఇద్దరు పిల్లల తండ్రిని, ఆర్కిటెక్ట్ హోదాలో ఉన్నవాణ్ని, రేంజిలో నా పక్క వరసలోవాడు కాల్చడం ఎప్పుడు ఆపుతాడా అని ఓరకంట చూస్తూ కూర్చుంటున్నాను. అతను తుపాకీ సర్దుకోగానే వంగుతాను. వచ్చే ఆదివారానికి డబ్బా ఖాళీ చేసి కారులో పెట్టాను.

ఇట్లు,
మీ జీతంలేని పాలేరు

తా.క.: బల్ల మీద మీ పక్కన రెండడుగుల జాగా ఎందుకు ఖాళీ చేస్తున్నానని అడగొద్దు. మీ జాతిలో గంటకి నాలుగొందల తూటాలు తీసేవాళ్లు కూడా ఉన్నారట. మా ఆవిడకి ఇంకా చెప్పలేదు.