పాత రింగు మీదే కొత్త ఫిల్టర్
డీజిల్ ఫిల్టర్ దగ్గర కారుతోందంటే నాసిరకం ఫిల్టర్ వేసినట్టే అని ఈమధ్య చదివిన ఒక వ్యాసంలో తేల్చేశారు. నేను ఒప్పుకోను, చాలాసార్లు తప్పు బిగించినవాళ్లదే. మా పాత బొలెరోకు సర్వీసింగ్ చేయించిన మర్నాడే ఫిల్టర్ చుట్టూ తడి, బానెట్ తీస్తే గుప్పున డీజిల్ వాసన. విప్పి చూస్తే పాత రబ్బరు రింగు పైన హెడ్‌కే (ఫిల్టర్‌ను బిగించే భాగానికే) అతుక్కుని ఉంది, దాని మీదే కొత్త ఫిల్టర్ ఎక్కించేశారు! రెండు రింగులు ఒకదానిపై ఒకటి ఉంటే ఎంత బిగించినా లీకు ఆగదు. గ్యారేజీలో అడిగితే ‘ఇంకాస్త టైట్ చేస్తాం సార్’ అంటూ పానా పట్టుకొచ్చారు. ఇలా తిప్పి బిగించే ఫిల్టర్లకు పానాతో పనేముంది? హెడ్‌ను శుభ్రంగా తుడిచి, కొత్త రింగుకు కాస్త డీజిల్ రాసి, రింగు ఆనాక చేత్తోనే సుమారు ముప్పావు చుట్టు తిప్పితే సరిపోతుంది. వ్యాసంలో రాని సంగతి ఇంకోటుంది. పంపు ట్యాంకు నుంచి డీజిల్ లాక్కునే బండ్లలో ఒక్కోసారి చుక్క కూడా బయటికి రాదు, ఫిల్టర్ దగ్గరి సందులోంచి గాలి లోపలికి పోయి, బండి స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది. పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్ అనగానే బ్యాటరీ మార్చేస్తుంటారు గానీ, ముందు ఫిల్టర్ కింద చేరే నీళ్లు వదిలే స్క్రూ దగ్గర తడి ఉందేమో వేలు పెట్టి చూడండి, తడి లేకపోయినా గాలి పోతుండొచ్చు.