వారానికి 12 పేజీలు

టెక్సాస్‌లో తొమ్మిదో తరగతి చదివిన మా మేనకోడలు వేసవి సెలవులకు హైదరాబాద్ వచ్చినప్పుడు తన పఠన డైరీ నాకు చూపించింది. విద్యా సంవత్సరం మొదట్లో ఇంగ్లిష్ తరగతిలో ప్రతి విద్యార్థీ తన చదువుకు తానే ఒక లక్ష్యం రాసుకోవాలట. ఆమె మొదటి పేజీలో రాసుకున్నది 40 పుస్తకాలని. డిసెంబరుకల్లా 19 పూర్తయ్యాయి. అయితే ఆ జాబితాలో చాలావరకు ఒకే సిరీస్‌లోని నవలలు, లేదా వచన కవితగా రాసిన నవలలు. ఈ రెండో రకం మూడు వందల పేజీలున్నా పేజీకి కొన్ని పాదాలే కనుక ఒక సాయంత్రంలో అయిపోతాయి. వాటిలో మనసును పట్టి కుదిపేవీ ఉన్నాయి కానీ, ఆమె వాటిని ఎంచుకున్నది మాత్రం సంఖ్య కోసమే. నచ్చుతున్న ఐదు వందల పేజీల నవలను అరవయ్యో పేజీ దగ్గర ఎందుకు ఆపేశావని అడిగితే, "అది పట్టుకుంటే నెలంతా ఒక్కటే అవుతుంది మావయ్యా" అంది.

పిల్లలు చదువుకు లక్ష్యం పెట్టుకోవడాన్ని నేను తప్పుపట్టను. అమెరికా జాతీయ విద్యా మదింపులో, దాదాపు ప్రతిరోజూ ఇష్టంగా చదువుతామని చెప్పిన 13 ఏళ్ల పిల్లలు 2012లో 27 శాతం ఉండగా 2023 నాటికి 14 శాతానికి పడిపోయారు. ఆ పరిస్థితిలో ఉపాధ్యాయులు ఏదో ఒక ఊతం వెతకడం సహజం. పొరపాటల్లా దేన్ని లెక్కపెడుతున్నామన్న దగ్గరే జరుగుతోంది. పుస్తకాలను లెక్కపెట్టినంత కాలం లావు పుస్తకం శత్రువవుతుంది, నచ్చినదాన్ని రెండోసారి చదవడం వృథా అవుతుంది, కష్టమైన అధ్యాయం దగ్గర కాసేపు ఆగి ఆలోచించడం వెనకబాటు అవుతుంది.

టీనేజీ పిల్లల కోసం రాసే కౌమార (యంగ్ అడల్ట్) నవలకు ఈ నష్టం మరింత ఎక్కువ. ఓక్లహోమాలోని టల్సాలో ఎస్.ఇ. హింటన్ అనే హైస్కూలు విద్యార్థిని, తన చుట్టూ ఉన్న పిల్లల నిజమైన బతుకు పుస్తకాల్లో కనబడటం లేదని రాసిన నవల 1967లో అచ్చయింది. ఆధునిక యంగ్ అడల్ట్ నవల అక్కడే మొదలైందని చాలామంది అంటారు. ఆ సంప్రదాయంలో కథ చెప్పేది తరచుగా పదిహేను, పదహారేళ్ల పిల్లలే. వాళ్లకు రేపు ఏమవుతుందో తెలియదు, పెద్దయ్యాక వెనక్కి తిరిగి చూసుకున్నప్పుడు వచ్చే తెలివి వాళ్ల మాటల్లో ఉండదు. స్నేహితుడి చావు, ఇంట్లో తాగుడు, తన శరీరం మీద తనకే కలిగే అసహ్యం వంటివన్నీ అప్పుడే జరుగుతున్నట్టుగా చెబుతారు. అటువంటి పుస్తకాన్ని జాబితాలో ఒక గీతగా మార్చి తర్వాతి దానికి పరుగెత్తే పిల్ల, ఆ పాత్రతో గడపవలసిన రోజుల్ని పోగొట్టుకుంటుంది.

జనవరిలో వాళ్ల టీచరు పద్ధతి మార్చారు. అమెరికాలో చాలా తరగతి గదుల్లో ఉన్న పద్ధతే అది. చేతిలో ఉన్న పుస్తకాన్ని 10 నిమిషాలు మామూలు వేగంతో చదివి, ఎన్ని పేజీలయ్యాయో చూసి, దాన్ని 12తో హెచ్చవేస్తే రెండు గంటల చదువు ఎంతో తేలుతుంది. అదే ఆ పుస్తకానికి ఆ వారం లక్ష్యం. తేలిక నవల 7 పేజీలు సాగితే వారానికి 84, చిక్కని నవల 4 పేజీలే సాగితే 48, వచన కవితా నవల 25 సాగితే 300. చూడటానికి చిన్న గుణకారమే అయినా, దీనితో సన్న పుస్తకానికీ లావు పుస్తకానికీ మధ్య పోటీ లేకుండా పోయింది. పక్కన కూర్చున్న పిల్లాడితో పోల్చుకోవలసిన పనీ తప్పింది. అరవయ్యో పేజీలో ఆగిన నవలను ఆమె మళ్లీ తీసి తొమ్మిది వారాల్లో ముగించింది. డైరీలో దాని గురించే ఆరు పేజీలు రాసింది.

మన దగ్గర ఈ వయసు పిల్లల చదువు గురించి పట్టించుకోవడమే తక్కువ. కేంద్రం 2022 జనవరిలో వంద రోజుల పఠన ఉద్యమం 'పఢే భారత్' ప్రారంభించినప్పుడు దాన్ని బాలవాటిక (ఒకటో తరగతికి ముందు దశ) నుంచి ఎనిమిదో తరగతి వరకే ఉద్దేశించింది. కథలు అత్యవసరమయ్యే తొమ్మిది, పది తరగతుల పిల్లలు దాని పరిధిలోకి రాలేదు. తెలుగులోనైతే పిల్లల పుస్తకాల నుంచి పెద్దల పుస్తకాలకు ఎక్కే మెట్టే సరిగా లేదు. 1947లో మొదలైన చందమామ పత్రిక తరాల బాల్యాన్ని సాకింది, ఆ తర్వాత పిల్లలు నేరుగా పెద్దల సీరియల్ నవలల్లోకి దూకేవారు. బాల్యం మీద మనకున్న గొప్ప రచనల్లో ఎక్కువ భాగం పెద్దవాళ్లు తమ ఊరినీ అమ్మనీ తలుచుకుంటూ రాసినవి. వాటిని నేను ప్రాణంగా చదువుకున్నాను కానీ, వాటిలో ఉన్నది వెనక్కి చూసే చూపు. ఇవాళ్టి పదిహేనేళ్ల పిల్ల ఇవాళే తెలుగులో మాట్లాడే నవలలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే నాకు దొరికాయి.

అయినా ఊరి బాల్యం కథల పుస్తకం ఒకటి మా మేనకోడలి చేతిలో పెట్టి, వాళ్ల టీచరు లెక్కనే వేయమన్నాను. ఇంట్లో గడగడా తెలుగు మాట్లాడే పిల్ల 10 నిమిషాల్లో ఒక్క పేజీ చదివింది, అదీ వేలు పెట్టుకుని. మొహం చిన్నబుచ్చుకోబోయి, తనే 12తో హెచ్చవేసి, డైరీలో కొత్త పేజీ తీసి "వారానికి 12 పేజీలు" అని తెలుగులోనే రాసుకుంది. వెనక్కి వెళ్లిన మూడో వారం ఫోన్ చేసినప్పుడు 36వ పేజీలో ఉండవలసింది 31 దగ్గరే ఉంది. లక్ష్యం తప్పిందని బాధపడుతుందేమో అనుకున్నాను. ఆమె అడిగింది వేరే. "మావయ్యా, చూరు అంటే ఏంటి? వానొచ్చినప్పుడు ఆ అమ్మాయి దాని కిందే ఎందుకు నిలబడింది?"