రాయి దెబ్బకు పాలిష్ పనికిరాదు

“గీత పడితే ముందు పాలిష్ రుద్దండి” అన్నారు, కారు రంగు మీద పడే గీతల గురించిన మీ వ్యాసంలో. వేలిగోరుకు తగలని గీతకైతే సరే. నార్కట్‌పల్లి నుంచి మిర్యాలగూడ దాకా కంకర టిప్పర్ల వెనక నడిపేవాళ్ల బానెట్ మీద పడేవి గీతలు కావండీ, గుంటలు. రంగు లేచి రేకు తేలితే వానకు తుప్పు పట్టడం ఖాయం. ఆ తుప్పును సన్న వాటర్ పేపర్‌తో (తడిపి రుద్దే గరుకు కాగితం) గీకి, స్పిరిట్‌తో తుడిచి, ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) చుక్క పెట్టాలి. రంగు కంటి అంచనాతో కొనొద్దు, డోర్ ఫ్రేమ్ మీదో బానెట్ కిందో ఉండే స్టిక్కర్‌పై రంగు కోడ్ చూసి కొనండి. తెలుపులోనే ఎన్ని తెలుపులో! రంగును అగ్గిపుల్ల మొనతో గుంటలోకే దించండి, పలుచగా, ఆరనిచ్చి మళ్లీ. ఆపైన క్లియర్ కోటు, అంటే రంగు లేని పారదర్శక పూత. మన నల్లగొండ ఎండలో మాత్రం మధ్యాహ్నం ముట్టుకోకండి. రంగు పైన ఆరిపోయి లోపల మెత్తగా ఉండిపోతుంది. పొద్దున్నే, నీడలో.