ఆ రాక్షసుడి కోసం మా అమ్మ ఏడ్చింది

2025 సెప్టెంబర్ 12, శుక్రవారం సాయంత్రం. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం మేము. నేను, 14 ఏళ్ళ మా అబ్బాయి, ఆరు నెలలు ఉండి వెళదామని తెనాలి నుంచి వచ్చిన మా అమ్మ, ముగ్గురం కలిసి ‘డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ కాజిల్’ అనే జపాన్ యానిమేషన్ సినిమాకి వెళ్ళాం. హాలు నిండిపోయింది. అందులో మన పిల్లలు చాలామందే ఉన్నారు, వాళ్ళ పక్కన వాళ్ళ అమ్మానాన్నలూ ఉన్నారు, ఎందుకంటే ఈ సినిమాకి ఇక్కడ ఆర్ రేటింగ్ ఇచ్చారు, 17 ఏళ్ళ లోపు పిల్లల్ని పెద్దవాళ్ళు తోడు లేకుండా లోపలికి పంపరు. అలా తోడుగా వచ్చిన ఒకాయన, సినిమా అయిపోయాక బయట నన్ను ఆపి, "మీకేమైనా అర్థమైందా అండీ? మొదలూ లేదు, చివరా లేదు, రెండున్నర గంటలు కొట్టుకుంటూనే ఉన్నారు" అన్నారు. విసుగ్గా కాదు, నిజంగానే అడిగారు.

అప్పుడు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆయనకి జవాబే అనుకోండి, ఆయనలాగే పిల్లల పక్కన కూర్చుని వచ్చిన మిగతా అమ్మానాన్నలకి కూడా. కథంతా చెప్పేస్తున్నాను, ఇంకా చూడనివాళ్ళు చూశాకే చదవండి.

ఆయన అన్నదాంట్లో సగం నిజం. ఈ సినిమాకి మొదలు లేదు. ఉండదు కూడా. దీనికి ముందు టీవీలో 2019 నుంచి 2024 దాకా 63 ఎపిసోడ్లు నడిచాయి. చివరి ఎపిసోడ్‌లో రాక్షసులందరికీ మూలమైన ముజాన్‌ని చుట్టుముట్టిన క్షణంలో కాళ్ళ కింద నేల తలుపుల్లా తెరుచుకుని కథానాయకులంతా కిందికి పడిపోతారు. సినిమా ఆ పడటంతోనే మొదలవుతుంది. కథానాయకుడు తంజిరో ఎవరు, వాడి చెల్లెలు నెజుకోకి ఏమైంది, రాక్షసుల్ని వేటాడే ఈ దళం ఏంటి, ఒక్క ముక్క కూడా మళ్ళీ చెప్పరు.

ఇది తప్పా? నా వరకు కాదు. మా అమ్మది తెనాలి దగ్గర పల్లె. చిన్నప్పుడు ఊళ్ళో రాత్రంతా పద్యనాటకాలు ఆడేవారట. రాయబారం సీన్ ఒక్కటే కట్టేవారు, పద్దెనిమిది పర్వాలూ ఎవరూ ఆడేవారు కాదు. కృష్ణుడు సభలోకి ఎందుకొచ్చాడు, పాండవులకి ఏం అన్యాయం జరిగింది అని ముందు చెప్పాల్సిన పని లేదు, చాపలేసుకుని కూర్చున్న వాళ్ళందరికీ ఆ కథ ఇంటి దగ్గరే తెలుసు. తెలుసు కాబట్టే పద్యం నచ్చితే వన్స్ మోర్ అని అరిచేవారు. తెలియనివాడిని ఆ చాప మీద కూర్చోబెడితే రాత్రంతా నలుగురు కిరీటాలు పెట్టుకుని వాదించుకున్నారనే అనుకుంటాడు. జపాన్‌లో గత కొన్నేళ్ళుగా తంజిరో కథ అలా ఇంటింటి కథ అయింది. మన పిల్లలకీ అయింది. తెలియనిది మనకే.

కాబట్టి ఇలాంటి సినిమాని "విడిగా చూస్తే అర్థమవుతుందా" అని కొలవకూడదంటాను. తీసుకున్న ముక్కని ఒక ముక్కగా నిలబెట్టిందా, అందులో ఎక్కీ దిగీ ఒక ఆకారం ఉందా, అది చూడాలి. ఆ లెక్కన ఇదే సీరీస్‌లో ముందు వచ్చిన ‘ముగెన్ ట్రైన్’ దీనికన్నా గట్టి సినిమా. అది 2020 అక్టోబర్‌లో జపాన్‌లో విడుదలై, కరోనా రోజుల్లోనే 4000 కోట్ల యెన్‌లు దాటి అక్కడి రికార్డులన్నీ తుడిచేసింది. ఇక్కడికి 2021 ఏప్రిల్‌లో వచ్చింది, థియేటర్లు అప్పుడప్పుడే తెరుచుకుంటున్నాయి. మావాడికి అప్పుడు పదేళ్ళు. తీసుకెళ్ళలేదు, దానికీ ఆర్ రేటింగే. మరుసటి ఏడు ఇంట్లో చూశాం.

దాని కథ ఒక రైలు, ఒక రాత్రి. రైలెక్కిన వాళ్ళ టికెట్లకి చిల్లు పడగానే అందరూ నిద్రలోకి జారి ఎవరికి కావలసిన కల వాళ్ళు కంటారు. తంజిరోకి చచ్చిపోయిన తమ్ముళ్ళూ చెల్లెలూ అమ్మా అందరూ బతికున్న కల వస్తుంది. మంచు, ఇల్లు, పొయ్యి మీద అన్నం. అది కల అని వాడికి తెలిసిపోతుంది, మెలకువ రావాలంటే కలలో తన మెడ తానే కోసుకోవాలి. తమ్ముడు వెనకాల నుంచి అన్నయ్యా అని పిలుస్తుంటే వాడు తిరిగి చూడకుండా పరిగెడతాడు. పరాయి దేశంలో ఉంటూ తెల్లవారుజామున అమ్మ పిలిచినట్టు కలొచ్చి లేచిన వాళ్ళకి ఆ సీన్ ఇంకెవరూ వివరించక్కర్లేదు. ఆ తర్వాత రెంగోకు అనే అగ్నిఖడ్గ వీరుడు రైల్లో ఉన్న 200 మందినీ కాపాడతాడు, తెల్లవారుతుండగా అకాజా అనే పెద్ద రాక్షసుడితో పోరాడి చనిపోతాడు, ఒక్క ప్రయాణికుడు కూడా చావలేదు. రైలెక్కడంతో మొదలై సూర్యోదయంతో అయిపోతుంది. రెంగోకు టీవీలో కనిపించింది కాసేపే, అయినా రెండు గంటల్లో వాడు మన ఇంటి మనిషైపోతాడు. కొనసాగింపు సినిమా ఎలా ఉండాలో చెప్పమంటే నేను దాన్నే చూపిస్తాను.

‘ఇన్ఫినిటీ కాజిల్’కి ఆ సుఖం లేదు. ఇది మూడు సినిమాల్లో మొదటిది. 155 నిమిషాల్లో ముఖ్యంగా మూడు పోరాటాలు. విషం పూసిన కత్తితో పోరాడే షినోబు తన అక్కని చంపిన డోమా అనే రాక్షసుడితో తలపడుతుంది. తంజిరో స్నేహితుడు జెనిత్సు తనతో పాటు ఒకే గురువు దగ్గర నేర్చుకుని రాక్షసుడైపోయిన కైగాకుతో పోరాడతాడు. తంజిరో, అదే దళంలో పెద్ద వీరుడైన గియూ కలిసి అకాజాని ఎదుర్కొంటారు. మూడూ ఒకే కోటలో, ఒకే సమయంలో. కానీ ఒకదానికొకటి తగలవు. మూడు ఎపిసోడ్లు వరసగా చూస్తున్నట్టు ఉంటుంది, ఎక్కడ ఏ ఎపిసోడ్ అయిపోయేదో కుట్లు కనిపిస్తూనే ఉంటాయి. పైగా ప్రతి పోరాటం మధ్యలో ఆగి గతంలోకి వెళుతుంది. వారానికి ఇన్ని పేజీల చొప్పున వచ్చిన కొయొహారు గొతౌగే మాంగాలో, అంటే ఈ సినిమాకి మూలమైన జపాన్ బొమ్మల కథలో, ఆ పద్ధతి బాగుంటుంది. దర్శకుడు హరువో సొతోజాకి, యుఫోటేబుల్ స్టూడియో మాంగాని దాదాపు మాట పొల్లుపోకుండా అనుసరించారు, అదే ఈ సినిమాకి బలం, అదే బరువు. కళ్ళ ముందు జరుగుతున్నదాన్ని పాత్రలు మనసులో మాటల్లో మళ్ళీ చెప్పడం మాత్రం నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. షినోబు పోరాటంలో ఇది మరీ ఎక్కువ. ఆమె ముఖం చూస్తేనే తెలిసిపోతుంది, అంత వివరణ దేనికి?

జెనిత్సు భాగం చిన్నది, నాకు అన్నిటికన్నా శుభ్రంగా అనిపించింది. గురువు నేర్పిన మెరుపు విద్యలో మొదటిది తప్ప ఏదీ రానివాడు జెనిత్సు, మొదటిది తప్ప అన్నీ వచ్చినవాడు కైగాకు. శిష్యుడు రాక్షసుడయ్యాడన్న అవమానానికి గురువు ప్రాణం తీసుకున్నాడు. టీవీలో జెనిత్సు ఎప్పుడూ భయపడి ఏడ్చేవాడే. ఇక్కడ వాడు అరవడు, ఏడవడు, తన సొంతంగా కనిపెట్టిన ఏడో విద్య ఒక్కసారి వాడతాడు. 63 ఎపిసోడ్ల ఏడుపు తెలిసినవాడికే ఆ నిశ్శబ్దం బరువు తెలుస్తుంది.

ఇక కోట. చెక్క మెట్లు, చాపల గదులు, జారుడు తలుపులు, తలకిందులుగా వేలాడే వరండాలు. నకిమె అనే రాక్షసి బివా వాద్యం మీటినప్పుడల్లా అంతా తిరగబడుతుంది. కంప్యూటర్‌తో కట్టిన ఆ గదుల్లో చేత్తో గీసినట్టుండే మనుషులు పరిగెడుతుంటే ఆ రెండూ అతుక్కుపోయినట్టు ఉంటాయి. ఇది ఫోన్లో చూడకండి. దయచేసి.

అకాజా దగ్గరికి వస్తాను.

వాడు రెంగోకుని చంపినవాడు. హాల్లో పిల్లలంతా వాడు చావాలనే వచ్చారు. పోరాటం నడుమ తంజిరో వాడి తల నరుకుతాడు, అయినా వాడు చావడు, తల లేకుండానే లేచి నిలబడతాడు. మళ్ళీ తల మొలవబోతుంటే, తంజిరో చేతిలోంచి కత్తి జారిపోయి పిడికిలితో ఒక్కటి గుద్దుతాడు. ఆ గుద్దుతో వాడికి మరిచిపోయిన గతం గుర్తుకొస్తుంది. వాడి పేరు హకుజి. జబ్బుతో ఉన్న నాన్నకి మందుల కోసం దొంగతనాలు చేస్తే చేతుల మీద నేరస్తుడని పచ్చబొట్లు పొడిచారు. నా వల్ల నువ్వు దొంగవయ్యావని ఆ నాన్న ఉరేసుకున్నాడు. తర్వాత కెయిజో అనే గురువు వాణ్ణి గుద్ది, లొంగదీసి, ఇంటికి తీసుకెళ్ళి, జబ్బుగా ఉండే తన కూతురు కొయుకిని చూసుకోమంటాడు. ఆ అమ్మాయి కోలుకుంటుంది, పెళ్ళి మాట అనుకుంటారు. ఆ శుభవార్త చెప్పడానికి వాడు నాన్న సమాధి దగ్గరికి వెళ్ళి వచ్చేలోపు పక్క శిక్షణశాల వాళ్ళు బావిలో విషం కలిపేశారు. తండ్రీ కూతుళ్ళిద్దరూ పోయారు. వాడు వెళ్ళి 67 మందిని ఉత్త చేతులతో చంపాడు. ఆ చేతుల్నే ముజాన్ కొనుక్కున్నాడు.

అప్పుడు తెలుస్తుంది, పోరాటంలో వాడి కాళ్ళ కింద పరుచుకునే మంచు రేకు గుర్తు కొయుకి తల్లోని పిన్ను ఆకారమని. వాడి దెబ్బల పేర్లు బాణసంచా పేర్లు, ఇద్దరూ కలిసి చూడాలనుకున్న బాణసంచా. వాడు ఆడవాళ్ళని ఎప్పుడూ చంపి తినలేదు. ఎందుకో వాడికే గుర్తులేదు. వాడు మరిచిపోయాడు గానీ వాడి ఒళ్ళు మరిచిపోలేదు.

మా అమ్మ అక్కడ ఏడ్చింది. ఆమెకి కథ తెలుసు, ఎందుకంటే జూన్‌లో మొదలుపెట్టి అయిపోయేదాకా రోజూ రాత్రి భోజనాలయ్యాక మనవడితో కలిసి రెండేసి ఎపిసోడ్లు చూసింది. వాడు సబ్‌టైటిల్స్ చదివి తెలుగులో చెప్పేవాడు. ఆదివారం తెలుగు బడిలో నోరు విప్పని పిల్లాడు, "నానమ్మా, వీడు ముందు మనిషే, తర్వాత చెడిపోయాడు" అని చెప్పడానికి మాటలు వెతుక్కునేవాడు, దొరక్కపోతే ఆమె అందించేది. పగ, శాపం, బాకీ, ఉసురు, ఈ మాటలన్నీ వాడికి అలా వచ్చాయి. ఇది నేను ఏ పుస్తకంతోనూ చేయలేకపోయిన పని.

కారులో ఆమె అంది, "కర్ణుడిలాగే. చేరకూడని చోట చేరాడు." మావాడు ఒప్పుకోలేదు. కర్ణుడికి తన స్నేహితుడెవరో తెలుసు, అకాజాకి తానెవరో కూడా తెలియదు కదా అన్నాడు. ఇంటికొచ్చేదాకా వాదించుకున్నారు.

నా అభ్యంతరం ఒకటి మిగిలే ఉంది. అకాజా గతం అంత పొడుగ్గా, పోరాటం తారస్థాయిలో ఉన్నప్పుడు రావడం సినిమాగా చూస్తే తూకం తప్పడమే. కానీ టీవీ గుర్తున్నవాళ్ళకి అక్కడ ఇంకోటి కనిపిస్తుంది. మొదటి సీజన్‌లో సాలీడు కొండ మీద రూయి అనే పిల్లరాక్షసుడు చనిపోయి బట్టలు మాత్రం మిగిలితే గియూ వాటి మీద కాలేసి నిలబడి, వీళ్ళ మీద జాలి పనికిరాదంటాడు. తంజిరో ఆ కాలు తియ్యమంటాడు, వీళ్ళూ నాలాగే ఒకప్పుడు మనుషులే అంటాడు. ఇప్పుడు అదే ఇద్దరు ఒకే రాక్షసుడి ముందు నిలబడ్డారు, ఆ రాక్షసుడు చివరికి తంజిరోని చూసి నవ్వి తన చేత్తో తానే పోతాడు. 2019లో అన్న మాటకి 2025లో జవాబు. సినిమా దీన్ని గుర్తు చెయ్యదు, మనమే పట్టుకోవాలి. నన్ను అడిగిన ఆయనకి ఇదే చెప్పాలనుకున్నాను. ఆ హాల్లో ఆయన పక్కన కూర్చున్న పిల్లవాడికి ఇది తెలుసు, అడిగితే చెప్పేవాడు.

అందుకని పిల్లల్ని తీసుకెళ్ళబోయే వాళ్ళకి ఒకటే మనవి. 63 ఎపిసోడ్లు అంటే టెన్షన్ పడకండి, చాలావరకు ఒక్కొక్కటి 24 నిమిషాల లోపే, ముగెన్ ట్రైన్ సినిమా చూస్తే దాన్నే టీవీకి తీసిన ఏడు ఎపిసోడ్లు వదిలేయొచ్చు. రక్తం చాలా ఉంటుంది, 12 ఏళ్ళ లోపు వాళ్ళకి నేనైతే చూపించను, పెద్ద పిల్లలతో కూడా మీరు పక్కన ఉండి చూడండి, ఫోను పక్కన పెట్టి.

ఇక్కడ మొదటి వారాంతంలోనే ఈ సినిమాకి దాదాపు 7 కోట్ల డాలర్లు వచ్చాయి. ఇండియాలో అదే రోజు తెలుగులో కూడా విడుదలైంది, విజయవాడలో మా చెల్లెలి పిల్లలు తెలుగులోనే చూశారు. ఆ ఆదివారం వీళ్ళూ వాళ్ళూ వీడియో కాల్‌లో గంటన్నర మాట్లాడుకున్నారు. మామూలుగా అయితే "బాగున్నావా, బాగున్నాను" తర్వాత ఫోను మాకిచ్చేసేవాళ్ళు.

డోమా ఇంకా బతికే ఉన్నాడు. షినోబు పగ తీరలేదు. అమ్మ డిసెంబర్లో వెళ్ళిపోతుంది, రెండో భాగం తెలుగులో వస్తే విజయవాడ వెళ్ళి చెల్లెలి పిల్లలతో చూస్తానంటోంది. డోమా పని ఎవరు పడతారో మావాడికి మాంగా చదివి ముందే తెలుసు, చెప్పొద్దని ఒట్టేయించుకుంది.